ముసలమ్మ గంట

ఆ ఉదయం కెప్టెన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అందరికంటే ముందు తను నీళ్లలోకి దిగాలి. అడుగున పడి ఉన్న గంటను వెతికి పైకి తేవాలి. ఎవరి కంటా పడకుండా పడవలో టార్పాలిన్ కింద దాచి, ఒడ్డుకు రాగానే దాని కొక్కేనికి దాన్ని తగిలించాలి. మధ్యాహ్నం బస్సుకు మామగారు దిగేసరికి గంట బుద్ధిగా తన చోట వేలాడుతూ ఉండాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని అనుకుంటూ అతను హుషారుగా పళ్లు తోముకున్నాడు.

కెప్టెన్‌ది సముద్రం అడుగు చూడాలని సరదాపడే వాళ్లను పడవలో తీసుకెళ్లి ముంచి, మళ్లీ తేల్చి తీసుకొచ్చే వ్యాపారం. రేవు పక్కన చిన్న దుకాణం. బయట తాడు మీద ఆరేసిన రబ్బరు సూట్లు, లోపల గోడవారగా నిలబెట్టిన గాలి సిలిండర్లు, మూలన రోజంతా గురక పెట్టే కంప్రెసర్. పేరుకు అతను కెప్టెన్ గాని పడవ నడిపేదీ, దుకాణం నడిపేదీ, అవసరమైనప్పుడు కెప్టెన్‌ను నడిపేదీ అతని భార్యే.

వాళ్లకు అన్నం పెడుతున్నది ముసలమ్మ. ముసలమ్మంటే పూర్వమెప్పుడో తుఫానులో మునిగిపోయిన సరుకుల ఓడ. ఒడ్డుకు కాస్త దూరంలో, ఇసుక మీద ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంటుంది. దాని దగ్గరకు చేరగానే కెప్టెన్ పడవ ముందుభాగంలో నిలబడి ప్రతిసారీ ఒకటే ఉపన్యాసం దంచుతాడు. "ముసలమ్మ పింగాణీ దొరికింది. లాంతర్లు దొరికాయి. గంట మాత్రం ఇవాళ్టిదాకా దొరకలేదు. ఓడకు గంటే గుర్తు. అది ఎవరి అదృష్టంలో రాసిపెట్టి ఉందో!" అని, జనం ఊపిరి బిగబట్టగానే, తన నెత్తిమీద వేలాడుతున్న గంటను ఠంగున మోగిస్తాడు. అందరూ దూకడానికి తయారు కావాలని దానర్థం. ఆ మోగే గంట మాత్రం మామగారి గంట.

మామగారు ఆ రేవు పక్క బడిలోనే హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఉప్పుగాలి మోకాళ్లకు పడక తర్వాత మెరక ప్రాంతానికి మారిపోయారు. పెళ్లికి ముందే ఆయన కాబోయే అల్లుణ్ణి ఎగాదిగా చూసి, "నీళ్లలో మునగడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని అడిగారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన అభిప్రాయం అక్కడే ఉండిపోయింది. కెప్టెన్ సొంత పడవ కొన్న రోజున మాత్రం తువ్వాల్లో ఏదో చుట్టుకుని వచ్చారు. బడికి కరెంటు గంట పెట్టినప్పుడు, పాతది ఆయనకే ఇచ్చి సాగనంపారట. మందంగా పచ్చరంగు పూసిన గంట. "రెండు తరాల పిల్లల్ని వరసలో నిలబెట్టిందిది. మిమ్మల్ని కూడా నిలబెడుతుందేమో చూద్దాం" అంటూ అల్లుడి చేతిలో పెట్టారు. మామగారి నోటినుంచి మెచ్చుకోలుకు దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే. ఆ గంటంటే కెప్టెన్‌కు అందుకే ప్రాణం.

అలాంటి గంటను అతను సముద్రంలో పారేసుకున్నాడు. మామగారు వస్తున్నారు కదా, శుభ్రంగా తోమిపెడదామని, ముసలమ్మ మీద పడవ ఆగి ఉండగా, భార్య వెనక ఇంజను చూసుకుంటున్నప్పుడు, కొక్కెం నుంచి తీసి పడవ అంచున పెట్టాడు. సబ్బు కోసం వెనక్కి తిరిగాడు. అల వచ్చింది. బుడుంగుమన్న చప్పుడు విని తిరిగి చూస్తే అంచున తడి తప్ప ఏమీ లేదు. సరిగ్గా ముసలమ్మ మీదే పడింది. ఆ రోజునుంచి సముద్రం గడబిడగా ఉండటంతో మళ్లీ పడవ కదల్లేదు. గంటేదని భార్య అడిగితే, మెరుగు పెట్టడానికి వర్క్‌షాపులో ఇచ్చానని చెప్పాడు. అబద్ధం చిన్నదే గాని, రోజూ దానికి నీళ్లు పోయాల్సి వచ్చింది. వర్క్‌షాపువాడికి జ్వరమన్నాడు. తర్వాత వాడి మిషనుకు జ్వరమన్నాడు.

సముద్రం నెమ్మదించిన రోజునే మామగారి ప్రయాణం కూడా పడింది. ఆ ఉదయం పడవెక్కింది పళ్ల డాక్టరు, ఆయన స్నేహితుల బృందం. ఈ డాక్టరు ఏళ్ల తరబడి ఆ గంట కోసమే మునుగుతున్నాడు. వారమంతా పళ్లూ, సెలవు రోజున ముసలమ్మా, ఇదే ఆయన జీవితం.

ముసలమ్మ మీదికి చేరగానే కెప్టెన్ సిలిండరు తగిలించుకుని, "లంగరు తాడు కట్టి వస్తాను. మీరంతా టీ తాగుతూ ఉండండి" అన్నాడు.

"నేనూ వస్తా" అన్నాడు డాక్టరు.

"మీకెందుకండీ శ్రమ? ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను."

"ఒంటరిగా దిగకూడదని మీ దుకాణం గోడ మీద మీరే రాయించారు కదండీ, ఎర్రక్షరాల్లో."

"అవునండీ, రూలు రూలే. ఎవరైనా సరే" అంది భార్య చుక్కాని దగ్గరనుంచి.

తను రాయించిన రూలు తనకే అడ్డం వస్తుందని ఎర్ర రంగు కొన్నప్పుడు కెప్టెన్ అనుకోలేదు. చేసేది లేక డాక్టర్ని వెంటబెట్టుకుని దిగాడు. కింద తాడు కట్టించే మిషతో డాక్టర్ని ఓడ ముక్కు దగ్గర వదిలి, తను చల్లగా ఓడలోని వంటగది వైపు జారుకున్నాడు. గంట వంటగది పైకప్పు మీద, ఎవరో తెచ్చి పెట్టినట్టు నిటారుగా కూర్చుని ఉంది. సొట్టతో సహా అదే గంట. కిందటేడు స్పానరు జారి పడ్డప్పుడు పడిన సొట్ట అది. కెప్టెన్ దానికి బరువులు తేల్చే గాలి సంచి కట్టి, ప్రేమగా ఒకసారి నిమిరి, తలెత్తాడు. ఎదురుగా డాక్టరు. అద్దం వెనక ఆయన కళ్లు పళ్లేలంత అయ్యాయి.

నీళ్లలో ఉన్న పెద్ద చిక్కు మాట్లాడలేకపోవడం. కెప్టెన్ గంటను చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇది నాదండీ అని అతని భావం. దీన్ని కనిపెట్టింది నేనంటున్నాడని డాక్టరు అర్థం చేసుకుని, రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. కెప్టెన్ కంగారుగా తల అడ్డంగా ఆడించి, మామగారి గుబురు మీసం, చేతికర్ర అభినయించి చూపాడు. ఇది ఆ ఓడ నడిపిన పెద్దాయన గంట అంటున్నాడనుకుని డాక్టరు భక్తిగా తల వంచాడు. ఇక లాభం లేదని కెప్టెన్ బొటనవేలు పైకెత్తాడు. ఆ పనిలో దానికి అర్థం పైకి పోదామని. ఆ ఒక్క సైగ మాత్రం డాక్టరుకు సరిగ్గా అర్థమైంది. ఆనందం పట్టలేక, తన గాలిగొట్టం తీసి సంచి నిండా గాలి కొట్టేశాడు. సంచి కెప్టెన్ చేతుల్లోంచి విడిపించుకుని రివ్వున లేచింది. పడవ ముందు, స్నేహితులందరూ టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ వైపే భళ్లున తేలింది.

కెప్టెన్ పైకొచ్చేసరికి గంట పడవలో ఉంది, ఫోన్లు గంట చుట్టూ ఉన్నాయి.

"దొరికింది! ముసలమ్మ గంట దొరికింది!" అని డాక్టరు నీళ్లలోంచే కేకలు పెట్టాడు. ఆయన నిజంగానే ఏడుస్తున్నాడు. అంత సంతోషం మీద నీళ్లు చల్లడానికి కెప్టెన్‌కు మనసొప్పలేదు. అయినా చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే భార్య దగ్గరకొచ్చి నిలబడింది.

"ఏమండీ, ఇది అచ్చం మన గంటలాగే లేదూ?"

"మనదా? లేదే! మనది వర్క్‌షాపులో ఉంది కదా. మనది కాస్త… గుండ్రంగా ఉంటుంది."

"గంటలన్నీ గుండ్రంగానే ఉంటాయండీ."

"అంటే, ఇంకాస్త గుండ్రంగా."

ఆమె ఖాళీ కొక్కెం వైపు ఒకసారి, భర్త వైపు ఒకసారి చూసి, చుక్కాని దగ్గరకు వెళ్లిపోయింది. ఆ చూపుకే కెప్టెన్‌కు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. డాక్టరు కూడా ఆ కొక్కెం చూశాడు. "మీ పాత గంటను తీసేసి దీనికి చోటు ఉంచినట్టుంది చూడండి! రాత అంటే ఇదే!" అని పరవశించాడు. ఆ పాత గంట కిందే ఆయన ఎన్నో ఏళ్లు నిలబడ్డాడు.

ఒక్క ఆశ మిగిలింది. "డాక్టర్‌గారూ, దీని మీద పచ్చరంగు ఉంది చూశారా? ఇది ఏదో కొత్తదేమో" అన్నాడు కెప్టెన్.

"రంగు కాదండీ, పాచి. పేరుకుపోయి గట్టిపడిపోయింది. నేను రోజూ చూసేదే" అంటూ డాక్టరు సంచిలోంచి పళ్ల గార తీసే పనిముట్టు ఒకటి బయటికి తీశాడు. ఒడ్డుకు చేరేదాకా గంటను ఒళ్లో పెట్టుకుని, నొప్పి పుడుతుందేమో అన్నంత సుతారంగా గీకాడు. వారం రోజులు ఉప్పునీళ్లలో నానిన రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. దాని కింద ఒక అక్షరం కనబడింది. తర్వాత ఇంకొకటి. చివరికి ముసలమ్మ అసలు పేరు, ఓడ మీద ఉన్నది ఉన్నట్టుగా, పూర్తిగా బయటపడింది.

జనం చప్పట్లు కొట్టారు. కెప్టెన్ మాత్రం సొట్ట వైపు చూశాడు, పేరు వైపు చూశాడు. సొట్ట తన స్పానరుదే. పేరు ముసలమ్మదే. రెండూ నిజమైతే తన బుర్రలోనే ఏదో చెడిపోయి ఉండాలి.

రేవులో ఇంకో ఇద్దరు ఎదురు చూస్తున్నారు. ఒకరు మ్యూజియం అధికారిణి. ఆవిడ డాక్టరుగారి పేషెంటే. ఆయన పడవలోంచి ఫోన్ చేస్తే సగం కట్టిన పన్నుతోనే పరిగెత్తుకొచ్చింది. రెండోవారు మామగారు. ముందు బస్సు దొరికిందట. చేతికర్ర మీద ఆనుకుని, పడవలోంచి దించుతున్న గంటను చూసి, కొయ్యబారిపోయారు. ముఖంలో రక్తపు చుక్క లేదు. అంత కోపం కెప్టెన్ జన్మలో చూడలేదు.

"కంగ్రాచ్యులేషన్స్! ఓడలో ఏది దొరికినా వెంటనే మాకు చెప్పాలని రూలు. మీరు పద్ధతిగా చెప్పారు" అంది అధికారిణి. "దాచుకున్నవాళ్లను మాత్రం మేం వదలం. ఎంత పెద్దవాళ్లయినా, ఎన్నాళ్ల కిందటిదైనా కేసు కేసే. సరే, ఇది ఎక్కడ దొరికిందో కాస్త వివరంగా చెబుతారా?"

"ఒక్క నిమిషం. అల్లుడుగారితో మాట్లాడాలి" అని మామగారు కెప్టెన్ మోచెయ్యి పట్టుకుని సిలిండర్ల వెనక్కి లాక్కెళ్లారు.

"మామయ్యగారూ, నన్ను క్షమించండి. తోముదామనే తీశాను…"

"ముందు నా మాట వినండి."

"అలొచ్చిందండీ. నేను సబ్బు కోసం…"

"సబ్బు సంగతి తర్వాత! నేను కొత్తగా హెడ్మాస్టరైనప్పుడు బడికి గంట లేదు. ఓ జాలరి వలలో ఇది పడిందట, తెచ్చి ఇచ్చాడు. చెప్పేస్తే పట్టుకుపోతారు కదా. మళ్లీ పిల్లలకి గంటుండదు. అందుకని… పచ్చరంగు వేయించాను. ఏటా ఇన్‌స్పెక్షన్ ముందు ఇంకో పూత వేయించేవాణ్ణి." ఆయన సిలిండర్ల సందులోంచి అధికారిణి వైపు చూశారు. "మొత్తం నాలుగు వేల మందికి నిజం చెప్పమని పాఠం చెప్పినవాణ్ణి. ఇప్పుడావిడ నన్నడిగితే ఏం చెప్పను, అల్లుడుగారూ?"

ఇన్నేళ్లుగా కెప్టెన్ ముసలమ్మ గంట కిందే నిలబడి, అది దొరకలేదని ఊరందరికీ చెబుతూ వచ్చాడన్న మాట. నవ్వు తన్నుకొచ్చింది. కానీ ఎదురుగా ఉన్న పెద్దాయన ముఖం చూసి దాన్ని మింగేశాడు. ఆయనంటే తనకు భయమే అనుకున్నాడు ఇన్నాళ్లూ, ఇంత ఇష్టమని ఆ క్షణందాకా తెలియలేదు.

తిన్నగా అధికారిణి దగ్గరకు వెళ్లాడు. "వంటగది పైకప్పు మీద దొరికిందండీ. నిటారుగా కూర్చుని ఉంది. ఇవాళ పొద్దున నా చేతుల్తో నేనే తీశాను. డాక్టరుగారే సాక్షి."

"కళ్లారా చూశాను!" అన్నాడు డాక్టరు.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అధికారిణి రాసుకుని, గంటను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయింది. జనం చెదిరిపోయాక కెప్టెన్ భార్య తండ్రి చేతి సంచి అందుకుంది. సిలిండర్లకు అవతలి పక్కనే నిలబడి తాడు చుడుతున్న మనిషి ఆమె. అంతా విన్నా, తండ్రిని ఒక్క మాట అనలేదు. భర్తతో మాత్రం, "వర్క్‌షాపువాడు బాగానే మెరుగు పెట్టాడండీ" అంది.

గంట ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. కింద కెప్టెన్ పేరు, డాక్టరు పేరు ఉన్నాయి. అది చూసినవాళ్లంతా ముసలమ్మను కూడా చూడాలని దుకాణం ముందు వరస కట్టారు. మామగారు నాలుగు రోజులు ఉండి, రోజూ మ్యూజియానికి వెళ్లొచ్చారు. సొట్ట ఎలా పడిందో తెలియక పరిశోధకులు తలలు పట్టుకుంటున్నారని చెబుతూ, పెళ్లయ్యాక మొదటిసారి అల్లుడితో కలిసి పగలబడి నవ్వారు.

ఊరెళ్లే రోజు పొద్దున బజారుకు వెళ్లి కొత్త గంట ఒకటి కొనుక్కొచ్చారు. తనే పడవెక్కి, కొక్కేనికి తగిలించి, తాడుతో రెండు ముళ్లు వేసి, లాగి చూశారు. తర్వాత అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు.

"అల్లుడుగారూ, దీన్ని పడేసుకుంటే మాత్రం ఇంకాస్త లోతులో పడేసుకోండి."