పలకకపోతే పని పక్కవాళ్లది

శుక్రవారం పొద్దున ఏడింటికే తిరుమల ఇస్త్రీ చీర కట్టుకుని యూనివర్సిటీ ల్యాబ్‌కు వచ్చి కూర్చుంది. పదకొండింటికి ఆమె పీహెచ్‌డీ వైవా. అది గట్టెక్కితే సోమవారం హసన్‌పర్తిలోని ఓ కాలేజీలో లెక్చరర్‌గా చేరుతుంది. గట్టెక్కకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. పరీక్షించడానికి వైజాగ్ నుంచి వస్తున్న ప్రొఫెసర్ రమాకాంత్ తొమ్మిదింటికి కాజీపేటలో రైలు దిగాలి.

ఆమె ఐదేళ్ల పరిశోధన ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ. అరవై నాలుగు కంప్యూటర్లు ఒకే పెద్ద లెక్కను పంచుకుని చేస్తుంటాయి. వాటిలో ఒకటి పలకకపోతే, దానికోసం కాచుక్కూర్చోకుండా పక్కది ఆ పని అందుకుంటుంది. ఇంత చక్కటి పద్ధతిని మనుషుల మీద ఎందుకు వాడకూడదని ఆ పొద్దున ఆమెకు అనిపించింది. కొంప మునిగింది అక్కడే.

ముగ్గురు జూనియర్లను పిలిచి పనులు పంచింది. పవన్, ఆమె గైడ్ రాంచందర్ గారి కారులో స్టేషన్‌కు పోవాలి. భరత్ హోటల్ నుంచి ఇరవై ప్లేట్ల ఇడ్లీ తేవాలి. రమ సెమినార్ హాలు తెరవాలి.

"ఎవరన్న ఐదు నిమిషాలు ఫోన్ ఎత్తకుంటే వాళ్ల పని పక్కోళ్లు అందుకోవాలె. నన్ను అడుగుడు లేదు, నేను సదువుకోవాలె," అని చెప్పి గదిలోకి పోయి తలుపేసుకుంది.

వైజాగ్ నుంచి వచ్చే పెద్దసారు అల్లం చట్నీ తింటారో లేదో కనుక్కుందామని భరత్ పవన్‌కు ఫోన్ చేశాడు. పవన్ బుద్ధిమంతుడు, కారు నడుపుతూ ఫోన్ ముట్టడు. ఐదు నిమిషాలు చూసి భరత్ ఇడ్లీలు వదిలేసి కాజీపేటకు ఆటో ఎక్కాడు. అంతలో రమ భరత్‌కు ఫోన్ చేసింది. ఆటోలో పాటల హోరు, అతనికి వినపడలేదు. ఆమె గడియారం చూసుకుని, హాలు తాళంచెవి బ్యాగులో వేసుకుని, స్కూటీ మీద హోటల్‌కు పరుగెత్తింది. రైలు అరగంట లేటని చెబుదామని స్టేషన్ నుంచి పవన్ రమకు చేస్తే ఆమె ఎత్తలేదు. ఇంకేముంది, హాలు తెరవడానికి అతను కారు వెనక్కి తిప్పాడు.

దారిలో ఎదురొచ్చిన కారును భరత్ చూశాడు. సారు అందులోనే ఉన్నారనుకుని నిశ్చింతగా ఆటోను మళ్లీ హోటల్‌కు మళ్లించాడు. అప్పటికే రమ ఇరవై ప్లేట్లు కట్టించుకుని పోయింది. భరత్ ఇంకో ఇరవై కట్టించాడు. ఇటు పవన్ తాళంచెవి దొరక్క, వాచ్‌మన్ సాయంతో హాలు తాళం పగలగొట్టాడు.

పదిన్నరకు తిరుమల హాల్లో అడుగుపెట్టేసరికి నలభై ప్లేట్ల ఇడ్లీ ఉంది, పగిలిన తాళం ఉంది, ముగ్గురు జూనియర్లున్నారు. రమాకాంత్ గారు మాత్రం కనపడలేదు.

"సార్ ఏడి?"

"రమ ఫోన్ ఎత్తలేదక్కా. నువ్వు చెప్పినట్టే తన పని అందుకున్న," అన్నాడు పవన్.

మిగతా ఇద్దరూ అదే మాట చెప్పారు. ఎవరూ గీత దాటలేదు. తిట్టడానికి ఒక్కరూ దొరక్క ఆమెకు ఏడుపొచ్చింది.

"కాజీపేటలో ఆటోలు బాగానే దొరుకుతాయమ్మా," అని వెనక నుంచి ఓ గొంతు వినిపించింది. ఆఖరి వరుసలో రమాకాంత్ గారు ఇడ్లీ తింటున్నారు. వచ్చి పావుగంటయిందట, ముఖం తెలియక ముగ్గురూ పట్టించుకోలేదు. ఆయన అంతా విన్నారు.

వైవాలో ఆయన అడిగింది ఒకే ప్రశ్న. "కంప్యూటర్ చెడిపోలేదు, పనిలో ఉండి పలకలేదు. అప్పుడు మీ పద్ధతి ఏం చేస్తుంది?"

రాంచందర్ గారు తల దించుకున్నారు. నూట ఎనభై పేజీల సిద్ధాంత గ్రంథంలో దీనికి జవాబు లేదు. తిరుమల సిగ్గు విడిచి నిజం చెప్పింది.

"ఇడ్లీలు రెండుసార్లు తెస్తది సార్, తాళం పగలగొడ్తది. పలకనోణ్ని పోయినోడనుకోవద్దు. పని అందుకునేటోడు ముందుగాల నలుగురికి కనపడే బోర్డు మీద రాయాలె. పాతోడు అది చూసి తప్పుకోవాలె. అప్పటిదాంక ఎవ్వరూ ముట్టొద్దు."

రమాకాంత్ గారు పగలబడి నవ్వి జేబులోంచి ఓ కాగితం తీశారు. ఆరు నెలలు మళ్లీ పనిచేసి రమ్మని నిన్ననే రాసి తెచ్చుకున్నారు, ఈ ఒక్క లోపానికే. దాన్ని అందరిముందూ చింపేసి, ఇప్పుడు చెప్పిందే రెండు పేజీలు రాసి సాయంత్రంలోగా జతచేస్తే డాక్టరేట్ ఇచ్చినట్టేనని ప్రకటించారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. తిరుమల సంతోషం పట్టలేక రమను వాటేసుకుంది.

సాయం చేస్తామని ముగ్గురూ ముందుకొచ్చారు గానీ, ఆ రెండు పేజీలూ డాక్టర్ తిరుమల ఒక్కతే కూర్చుని రాసుకుంది.