పొట్ట విప్పిన మిషన్లు

పది గంటలకల్లా ఫొటోలు పంపేసి, మధ్యాహ్నానికల్లా కుర్చీలో కూర్చోవాలన్నది ఆ ఉదయం సబ్బుల ఫ్యాక్టరీ పెద్ద మెకానిక్ వేసుకున్న పథకం. మామూలు కుర్చీ కాదు, ట్రైనర్ కుర్చీ. పాతికేళ్లుగా మిషన్ల కింద పాకిన ఆయన మోకాళ్లు ఇక మావల్ల కాదని తేల్చి చెప్పేశాయి. ఆ కుర్చీ దక్కకపోతే మళ్లీ పాకుడే.

అడ్డంకి ఒక్కటే. ఏ వయసువాళ్లయినా నేర్చుకుంటూనే ఉండాలని కంపెనీ కొత్త రూలు పెట్టింది. ఎవరేం నేర్చుకున్నారో ఫొటోలతో సహా ఈ-పోర్ట్‌ఫోలియోలో పెట్టాలి. దాన్ని క్యాంటీన్ టీవీలో అందరికీ చూపిస్తారు. ట్రైనర్ ఎవరన్నది దాన్నిబట్టే.

"మీ ఫోన్లో 'పని' అని ఉందే, అందులోవి పెడితే సరిపోదుటండీ?" అంది భార్య.

"అన్నీ పెట్టెయ్. దాచుకునేదేముంది?" అన్నాడాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆవిడ ఒక్క నొక్కుతో మూడు వందల పన్నెండు ఫొటోలు ఎక్కించేసింది.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఏ మిషన్ మూత తీసినా, వైర్లు పీకేముందు ఆయన ఫొటో తీసుకుంటాడు, ఏది ఎక్కడిదో మర్చిపోకుండా. బాగుచేశాక మాత్రం తీయడు. నడుస్తున్న మిషన్‌ని ఫొటో తీయడమంటే, ఆయన లెక్కలో, హాయిగా నిద్రపోతున్న మనిషిని లేపి కులాసాయేనా అని అడగడమే.

దాంతో క్యాంటీన్ టీవీలో 'నా ఎదుగుదల' అన్న శీర్షిక కింద, సన్నాయి వాయిద్యం వెనకాల వస్తుండగా, తెగిన బెల్టులూ కాలిన మోటార్లూ వరసకట్టాయి.

గేటు దగ్గర వాచ్‌మన్, అంటే స్వయానా బావమరిది, అడ్డం నిలబడ్డాడు.

"బావా, ఏమీ అనుకోకు. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇచ్చి లోపలికెళ్లు."

"ఎందుకురా?"

"మిషన్లన్నీ నువ్వే పాడుచేశావట. టీవీలో నువ్వే ఒప్పుకున్నావటగా! మేనేజర్‌గారు గొంతు చించుకుంటున్నారు. అక్కకి ఫోన్ చెయ్యనా?"

"ఇదంతా చేసింది మీ అక్కేరా!"

స్క్రూడ్రైవర్ ఇచ్చేసి, అక్కడే నిలబడి ఫొటోలు చెరిపేయబోయాడు. కంగారులో వేలు పక్కనున్న 'అందరికీ పంపు' బొత్తాం మీద పడింది. మూడు వందల పన్నెండూ హెడ్డాఫీసుతో సహా అందరి ఫోన్లకూ వెళ్లిపోయాయి.

లోపల అడుగుపెట్టేసరికి ఆపరేటరమ్మ తన మిషన్ ముందు చేతులు చాపి నిలబడింది. "అన్నయ్యా, అక్కడే ఆగు! ఇది బాగానే ఉంది!"

"ట్రైనర్ కావాలా మీకు?" మేనేజర్ మండిపడ్డాడు. "ఏం నేర్పుతారండీ, కూల్చడమా?"

ఆయన నోరు తెరిచేలోగా ఏడో నంబరు ప్యాకింగ్ మిషన్ దగ్గి ఆగిపోయింది.

"మీరు కదలకండి!" అని పెద్దాయనకి చెప్పి, మేనేజర్ రెండో మెకానిక్‌ని పిలిచాడు. కుర్చీకి పోటీ అతనే. అతని పోర్ట్‌ఫోలియో నిండా తళతళలాడే మిషన్లు, వాటి భుజం మీద చెయ్యేసి నవ్వుతూ అతను.

అయిదు నిమిషాల్లో లోపం పట్టేశాడు. ఇరవై నిమిషాలయ్యాక చేతిలో పదకొండు వైర్లు మిగిలాయి.

"ఎక్కడివక్కడ పెట్టవయ్యా!"

"ఎక్కడివో తెలిస్తే కద్సార్!" అతను ఏడో నంబరుతో దిగిన తన ఫొటో తెరిచి చూసుకున్నాడు. వైర్లుండాల్సిన చోట అతని నవ్వే ఉంది.

పెద్ద మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "రెండొందల పద్నాలుగో ఫొటో చూడండి సార్. మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది."

వచ్చింది. పదకొండు వైర్లూ ఎక్కడివక్కడ, రంగులతో సహా. పావుగంటలో ఏడో నంబరు సబ్బుల్ని కాగితాల్లో చుట్టడం మొదలెట్టింది. మేనేజర్ మూడు వందల పన్నెండు ఫొటోలనూ ఈసారి మెల్లగా, ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాడు. అందులోని మిషన్లన్నీ ఇప్పుడు చుట్టూ నడుస్తూనే ఉన్నాయి.

"అది సరేగానీ, బాగుపడ్డాక ఒక్కటైనా తీయచ్చు కదండీ? మా ప్రాణాలు నిలిచేవి."

"బాగుపడ్డాక అది నాకేం నేర్పుతుంది సార్?"

"కూర్చోండి ట్రైనర్‌గారూ!" అన్నాడు మేనేజర్. తన పక్కనున్న కుర్చీ ఆయనవైపు జరిపాడు. పెద్ద మెకానిక్ మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా అందులో కూలబడ్డాడు. బావమరిది పరుగున వచ్చి స్క్రూడ్రైవర్ తిరిగి చేతికిచ్చాడు.

మేనేజర్ మాట కాదనలేక, నడుస్తున్న ఏడో నంబరుని ఆయన ఫొటో తీశాడు.

అందులో ఆయన బొటనవేలు స్పష్టంగా వచ్చింది.