పదహారు సెకండ్ల అల

కరెంటు సెలవు రోజున వలస నేతగాళ్ల పేట డిండోలీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగుతాయి, సాంచా నడిపే అంబదాస్ మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. ఆ రోజు మాత్రం పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. పెళ్లినాటి నుంచి భార్య మంగను సముద్రంలో పడవెక్కిస్తానంటూ ఒక్కసారీ కదలని మనిషి ఆయన. ఇప్పుడు బ్రహ్మచారి అనే ఆమె తమ్ముడు సిరిసిల్ల నుంచి వచ్చి కూర్చున్నాడు. ఈ రోజైనా పడవెక్కించకపోతే సాయంత్రం బండికి తమ్ముడితో వెళ్లిపోయి నెల దాకా రానని మంగ తేల్చి చెప్పేసింది. ఆమె లేని ఇల్లు తలుచుకుంటేనే అంబదాస్‌కు దిగులు.

ఫోన్లో సముద్రం సమాచారం చూశాడు. అల ఎత్తు మీటరు. అలకూ అలకూ మధ్య పదహారు సెకండ్లు. నిన్నటిదాకా ఆరే. ఆయన మొహం వెలిగిపోయింది.

"దారం మోసే నాడె అటు ఇటు జోరుగ ఉరికితెనే సాంచాకు దమ్ము. పదహారు సెకండ్లకొక్క అలంటే, గది ఆగిపోయే సాంచా. ఇయ్యాల సముద్రం పండుకున్నది," అన్నాడు బావమరిదితో.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. గోడ అవతలి వాళ్లకూ చెప్పాడు. వాళ్లు ఇంకొకరికి చెప్పారు. బయల్దేరే వేళకు గల్లీలో సగం మంది చాపలతో, పులిహోర గిన్నెతో, ఒక ముసలమ్మతో సహా ఆటోల్లో సర్దుకున్నారు.

తీరంలో పడవవాడు రానన్నాడు. అలల మధ్య ఎడం పెరిగిందంటే అవి ఎక్కడో దూరాన పుట్టి బలం పుంజుకుని వస్తున్నట్టని, లోతు తక్కువ చోటికి రాగానే పైకి లేస్తాయని హిందీలో చెప్పాడు. చూడబోతే నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. వీడికి బద్ధకం, మన ధైర్యం చూస్తే దారికొస్తాడనుకుని అంబదాస్ చాపలన్నీ నీటి అంచునే పరిపించాడు. సముద్రానికి వీపు పెట్టి నిలబడి సాంచా సంగతి మళ్లీ మొదలుపెట్టాడు.

అల వచ్చింది. ఎవరికీ అరిచే తీరిక కూడా ఇవ్వలేదు. నీళ్లు వెనక్కి పోయాక చాపలు లేవు, గిన్నె లేదు. ముసలమ్మ బ్రహ్మచారి భుజం మీద క్షేమంగా ఉంది. అంబదాస్ నోటినిండా ఇసుక. ఇక మంగ రైలెక్కడం ఖాయమని భయంభయంగా ఆమెవైపు చూశాడు.

మంగ ఇసుకలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఇన్నేండ్లల్ల నన్ను గింత నవ్విచ్చింది ఇయ్యాలనే గదయ్యా. నేనేడికి పోను. అలలు తగ్గినంక పడవెక్కుదాం," అంది.

అంబదాస్‌కు ప్రాణం లేచి వచ్చింది. బ్రహ్మచారి చొక్కా పిండుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"బావా, నేను గూడ ఎన్నడు పడవెక్కలె. టికెట్ క్యాన్సల్ చేస్త. ఎక్కినంకనే పోత."

ఇంట్లో ఉన్న ఒక్క మంచం అప్పటి నుంచి బావమరిదిదైంది.