భూతద్దానికి చిక్కిన దోసముక్కల జాడీ

"నా కళ్లు కప్పగల నేరస్తుడు ఇంకా పుట్టలేదు!" చొక్కాల కార్ఖానా క్యాంటీన్ మధ్యలో నిలబడి ప్రకటించాడు భూతద్దం. చేతిలో ఎప్పుడూ భూతద్దం ఉంటుందని అందరూ పెట్టిన పేరది. అతను చేసేది గుండీలు కుట్టే పని, చెప్పుకునేది డిటెక్టివ్‌నని.

"పుట్టినా నీకు కనబడడులేరా" అంది అతని అక్క. ఆ క్యాంటీన్లో వంటమనిషి ఆవిడే. నిన్న ఆవిడ పెట్టిన భోజనం తిని పధ్నాలుగు మంది పనివాళ్లు వాంతులతో, విరేచనాలతో మంచమెక్కారు. కారణం తేలకపోతే సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడినట్టేనని మేనేజరు చెప్పేశాడు. పన్నెండేళ్లుగా ఒక్క మాట పడని చెయ్యి ఆవిడది. పొద్దుటినుంచీ ఏడుపు ఆగడం లేదు.

"అక్కా, ఇది విషప్రయోగం! నేరస్తుడు ఈ గదిలోనే ఉన్నాడు!"

"గదిలో ఉన్నది మనిద్దరమూ, మేనేజరుగారూ, ల్యాబునుంచి వచ్చిన మేడమ్‌గారూనే కదరా."

"అయితే మేనేజరే! మీసం మీద ఏదో తెల్లపొడి!"

"నెరిసిన వెంట్రుకలయ్యా అవి!" మేనేజరు మండిపడ్డాడు.

ల్యాబు మేడమ్ నిన్న భోజనంలో వడ్డించిన దోసముక్కల జాడీకి మూత పెట్టింది. "విషం కాదు. ఈ దోసముక్కల్లో క్రిములున్నాయి."

"వెనిగర్లో నానేశానమ్మా! అంత పులుపులో క్రిములు బతుకుతాయా?"

"ఘాటు పులుపైతే చాలావరకు చస్తాయి. పలచనైతే దానికి అలవాటుపడి రాటుదేలతాయి. అప్పుడు కడుపులో ఆమ్లాన్ని కూడా తట్టుకుని పేగుల్లో కాపురం పెడతాయి. మీ వెనిగర్ మరీ పలచగా ఉంది."

"చుక్క నీళ్లు కలిపితే ఒట్టు!" అక్క నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది.

"కుట్ర! ఘోరమైన కుట్ర!" భూతద్దం రెచ్చిపోయాడు. "ఆగండి, ఇంత పెద్ద కేసుకి ముందు అద్దం మెరవాలి."

మాట్లాడుతూనే అలమరలోంచి వెనిగర్ సీసా తీశాడు. అరగ్లాసు వంపుకుని, గుడ్డ ముంచి, భూతద్దం తళతళలాడేలా తుడిచాడు. తర్వాత అలవాటుగా సీసాని కుళాయి కింద పెట్టి, ఎంత తగ్గిందో అంత నీళ్లు నింపి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు. వెనక్కి తిరిగేసరికి ముగ్గురూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"ఏరా, రోజూ ఇంతేనా?" అంది అక్క మెల్లగా.

"రెండు నెలల్నుంచీ! తగ్గితే తిడతావుగా. అందుకే ఆనవాలు మిగలనివ్వను" అన్నాడు గర్వంగా.

మేనేజరు తలొంచుకుని, "రేపు మామూలుగానే రండమ్మా" అన్నాడు. ఆవిడకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

అప్పటికిగాని భూతద్దానికి సంగతి ఎక్కలేదు. ఎక్కగానే మొహం వెలిగిపోయింది. "చూశావా అక్కా! నేరస్తుడు ఈ గదిలోనే ఉన్నాడని ముందే చెప్పానా లేదా?"

"చెప్పావు నాయనా" అంటూ ఆవిడ గరిటె అందుకుంది. "పద. పధ్నాలుగు ఇళ్లకీ వెళ్లి, ఒక్కొక్కళ్ల కాళ్లు పట్టుకుని, అదే మాట అక్కడా చెబుదువుగాని."