ఒక్క చుక్క, మిగతావి అలాంటివే

ఇది అబద్ధమనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి, చూస్తాను. లేవలేదు కదా, ఇక వినండి.

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర మొదలైన వాన ఆ చివరికి చేరేసరికి ఎండాకాలం వచ్చేసేది, చెంచయ్య అనే వడ్రంగిపిట్ట ఉండేవాడు. తప్పిపోయిన జంతువుల బొమ్మలు బెరడు మీద ముక్కుతో చెక్కడం అతని పని. దుప్పిపిల్లకు మూడొందల చుక్కలు. అన్నీ చెక్కేసరికి ఆ పిల్లకు మనవలు పుట్టేవారు.

విసిగి ఒకనాడు ఒక్క చుక్కే చెక్కి, పక్కన "ఇలాంటివే మూడొందలు" అని రాశాడు.

మర్నాడే నక్క రాజముద్ర పత్రంతో దిగాడు. "ఒకటి గీసి మిగతావి రాసేసే ఈ కుదింపు ఉపాయం నిరుడే నా పేర రాయించుకున్నాను, ఇంకెవరూ వాడకూడదు. నువ్వు చుక్కలన్నీ చెక్కుకో."

"ముక్కు అరిగిపోతుంది బావా. పురుగును దేంతో పట్టి తినను?"

"అది పత్రంలో లేదు."

తగవు అడవికి తీర్పులు చెప్పే ఏనుగు దగ్గరకెళ్ళింది. "ఈ పని తెలిసిన ఏ సామాన్యుడికైనా ఇట్టే తట్టేదైతే పత్రం చెల్లదు," అన్నాడు ఏనుగు. "చెంచయ్యా, ఒక సామాన్యుణ్ణి తీసుకురా."

అడవంతా తిరిగాడు పాపం. నెమలి మొహం తిప్పుకున్నాడు. గిజిగాడు, "మా వంశంలో సామాన్యులు పుట్టరు, పక్క కొమ్మ చూడు," అన్నాడు. చివరికి కాకి కూడా, "కాకినే, కాదనను. మామూలు కాకిని మాత్రం కాదు," అన్నాడు.

చెంచయ్య ఒంటరిగా తిరిగొస్తే నక్క పొంగిపోయాడు. "నేనే తెస్తానుండు." కొండవతల బురదలోంచి గంగులు అనే దున్నపోతును తోలుకొచ్చాడు. "కొమ్ముతో బెరడు మీద గీస్తాడు. పుట్టిన దగ్గర్నుంచి కుదించిన బొమ్మ చూసి ఎరగడు, పూచీ నాది. ఇంతకు మించిన సామాన్యుడు మూడు లోకాల్లో లేడు. వీడికి తడితే పత్రం చించెయ్యండి."

ఒక దుప్పిపిల్లను ఎదురుగా నిలబెట్టి బొమ్మ గియ్యమన్నారు. గంగులు పిల్లను చూశాడు, ఎండను చూశాడు, ఆవులించాడు. ఆ గాలికి ఏడు మద్దిచెట్లు వంగాయి. ఒక్క చుక్క గీసి కూలబడ్డాడు.

"మిగతావేవిరా?" అన్నాడు ఏనుగు.

"అవీ ఇంతేగా. రాసుకోండి."

నక్క పత్రం వీపు వెనక దాచుకున్నాడు. "అయ్యా, వీడు సామాన్యుడు కాడు, మహామేధావి."

గంగులు ఒక కన్ను తెరిచాడు. "ఇందాక తోలుకొచ్చేటప్పుడు అలా అనలేదే."

పత్రం రెండు ముక్కలైంది. చెంచయ్య ముక్కు మిగిలింది.

నీతి: మేధావికి ఏడాది పట్టే ఉపాయం బద్ధకస్తుడికి ఒక్క ఆవులింతలో తడుతుంది.

నమ్మకపోతే కొండవతల బురదలో దున్నపోతు గంగులు ఉంటాడు, అడగండి. ఒక్క మాటే చెబుతాడు. మిగతావి అలాంటివే అనుకోండి.