రాజులమ్మ పుట్టగొడుగుల చోటు

అయ్యా, అమ్మా! రహస్యాలు దాచుకోవడం సంఘద్రోహం! ప్రైవసీ, డేటా రక్షణ అంటూ గగ్గోలు పెట్టేవాళ్లంతా ఒక్కసారి అరకు దాటి రాజులమ్మ ఊరికి రండి. ఫోన్ చేసే మేలేమిటో కళ్లారా చూద్దురుగాని.

రాజులమ్మ ముప్ఫై ఏళ్లుగా ఒక పెద్ద తప్పు చేస్తూ వచ్చింది. తొలి ఉరుము ఉరిమిన మర్నాడు కొండెక్కి, ఎవరికీ తెలియని ఒక చెదపుట్ట దగ్గర బుట్టెడు పుట్టగొడుగులు ఏరుకొచ్చేది. అత్త చచ్చిపోయేముందు చెవిలో చెప్పిన చోటు అది. తోడికోడలికి కూడా చెప్పలేదు. తోడికోడలూ అడగలేదు. ఎవరి పుట్టగొడుగుల చోటు వాళ్లది, అడగడం మర్యాద కాదని అక్కడి కట్టుబాటు. ఎంత వెనకబాటుతనం!

ఈ ఏడాది ఆమె మోకాళ్లు మొరాయించాయి. కొడుకు సోంబరుని వెంటబెట్టుకెళ్లింది. కాఫీ తోట చూసుకునే సోంబరు అప్పుడే ఫోన్‌లో కొత్త రీల్స్ యాప్ వేసుకున్నాడు. "మీ లొకేషన్ తెలుసుకోవచ్చా? ఫోటోలు చూడొచ్చా? మీ మాటలు వినొచ్చా?" అని అది వినయంగా అడిగింది. గుమ్మంలోకొచ్చి అడిగినవాళ్లని కాదనడం వాళ్ల ఇంటా వంటా లేదు. అన్నిటికీ "సరే" నొక్కాడు. దానికి నోరుంటే మంచినీళ్లు కూడా ఇచ్చేవాడే!

బుట్ట పట్టుకుని నవ్వుతున్న అమ్మ వీడియో సోంబరు పెట్టాడు. లొకేషన్ మాత్రం యాప్ తనే పెట్టింది.

ఆదివారానికి పదకొండు కార్లు! ఒక డ్రోన్! పుట్టెక్కి సెల్ఫీలు! రాజులమ్మ మోకాళ్ల సంగతి కూడా ఎలా తెలిసిందో, సోంబరు ఫోన్‌లో నొప్పుల నూనె ప్రకటనలు మొదలయ్యాయి. సొంత కోడలైనా అంత పట్టించుకుంటుందా, చెప్పండి?

సాయంత్రానికి పుట్ట నేలమట్టమైంది. చెదలు పోతే అక్కడ పుట్టగొడుగులు ఇంక రావు. రాజులమ్మ ఆ మట్టి పక్కనే కూలబడి, అత్తని తలుచుకుని ఏడ్చింది. తరవాత ముక్కు చీది, కొడుకుని పిలిచింది.

"ఒరే సోంబరూ! అందరి సోట్లూ నీ ఫోనుకి తెలుసు కదా. దీన్ని సేసినోడి ఇల్లెక్కడో అడుగు. మనమూ ఓపాలి ఎల్లి, ఆడి వంటిల్లు సూసొద్దాం."

సోంబరు మర్యాదగానే అడిగాడు. ఫోనూ మర్యాదగానే జవాబిచ్చింది: "క్షమించండి. వ్యక్తిగత గోప్యత దృష్ట్యా ఆ వివరాలు చెప్పలేం."

రాజులమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మ! ఆడికీ ఓ పుట్టగొడుగుల సోటుందేటి!"