గుమ్మం దీపానికి తెల్లారింది

మీరు నవ్వనంటే చెబుతాను. మా ఇంట్లో నాకు కేటాయించిన పని ఒకటే. పొద్దు గుంకగానే కుర్చీలోంచి లేచి గుమ్మం దీపం వెయ్యాలి. ఆ లేవడం తప్పించుకోవడానికి ఎల్‌డీఆర్ అనే కాంతి నిరోధకం ఒకటి కొన్నాను. చొక్కా గుండీ అంత ఉంటుంది.

మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. "ఏమిటండీ అది?" అని అడిగింది.

నేను సైన్సు మాస్టారిని. పద్దెనిమిదేళ్లుగా బడిలో చెబుతున్న పాఠమే చెప్పాను. "వెలుగు పడితే ఇది కరెంటుకు దారి ఇస్తుంది. చీకట్లో అడ్డం పడుతుంది."

"పట్టపగలు అడిగితే సరేనంటుంది, చీకటి పడితే మొరాయిస్తుంది. మీవైపు చుట్టమా?"

"అది అడ్డం పడగానే దీపం వెలిగేలా అమరుస్తాను. రేపటినుంచి దీపం దానంతటదే వెలుగుతుంది. నన్ను లేపక్కర్లేదు."

"వెలగకపోతే?"

"నెలరోజులు గిన్నెలు నేనే తోముతాను."

ఆవిడ కుట్టు మిషన్ ఆగింది. "వెలిగితే చాలదు. వెలిగి నిలవాలి."

ఒప్పుకున్నాను.

మర్నాడు ఆ గుండీని సరిగ్గా బల్బు కిందే బిగించాను. దీపానికి సంబంధించిన వస్తువు దీపం దగ్గరే ఉండాలని నా సిద్ధాంతం. చీకటి పడింది. దీపం వెలిగింది.

"చూశా..." అన్నాను. "...వా" అనేలోపు ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. మళ్లీ ఆరింది.

వీధిలో ట్యాక్సీ ఆగింది. "పిలిచారా సార్?" అన్నాడు డ్రైవరు. పంపించేశాను.

ఎదురింటి లాయరు గారు గేటు దాకా వచ్చారు. "మాస్టారూ, మా ఆవిడ కనుక్కు రమ్మంది. ఆ సైగలు ఎవరికి?"

నేను గుండీకి తగిలించిన స్విచ్చి డబ్బా విప్పి తీగలు చూస్తున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మా ఆవిడ బయటికొచ్చి దీపాన్ని కాసేపు చూసింది. "బల్బు వెలగ్గానే మీ గుండీకి తెల్లారిపోతోంది, ఆర్పేస్తోంది. ఆరగానే చీకటి పడుతోంది, వెలిగిస్తోంది. పాపం, నిమిషానికి అరవై రోజులు గడుపుతోందండీ."

లాయరు గారు గట్టిగా నవ్వారు. ఆయనకేం అర్థమైందో నాకు తెలియదు.

ఆవిడ దారం అయిపోయిన అట్టగొట్టం తెచ్చి గుండీని అందులో దూర్చింది. గొట్టం మూతి ఆకాశం వైపు తిప్పింది. దీపం వెలిగి, నిలిచింది.

"నిలిచింది! పందెం నాదే!"

"నిలిపిందెవరు?"

లాయరు గారి ముందు ఏం వాదిస్తాం?

"అయినా మీ బుర్రే బుర్ర," అంది ఆవిడ లోపలికొచ్చాక. "ఇలాంటిదే ఇంకొకటి చేసి పెట్టరూ?"

పొంగిపోయాను. ఆదివారం పొద్దున్నకల్లా చేసి, చెప్పినచోట బిగించాను. దేనికని అడగలేదు.

ఈ రెండో గుండీ వంటింటి సింకు పైన గోడకు ఉంది. బల్బు అవతలి గదిలో ఆవిడ మిషన్ పక్కన ఉంది. నేను సింకు ముందు నిలబడితే వెనక కిటికీ వెలుగుకు అడ్డం వస్తాను. నా నీడ గుండీ మీద పడి అక్కడ బల్బు వెలుగుతుంది. నేను పక్కకు జరిగితే ఆరిపోతుంది.

మూడు గిన్నెలు తోమి, పేపరు కోసం రెండడుగులు వేశాను.

"ఏమండోయ్, ఎక్కడికి?"